వాళ్లు అదే రోజు చెప్పారు

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు వాకపల్లి సామూహిక అత్యాచార ఆరోపణల కేసులో తీర్పు చెప్పింది. విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. తీర్పు అక్కడితో ఆగలేదు. దర్యాప్తు చేయాల్సిన అధికారులు ఆ పని సరిగా చేయలేదని కోర్టు తప్పుబట్టింది. ఫిర్యాదు చేసిన మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమంది.

నేరం రుజువు కాలేదు. ఎందుకు కాలేదో కోర్టే చెప్పింది. నిందితులు దోషులని న్యాయస్థానం అనలేదు కాబట్టి ఈ కథనమూ అనదు. కానీ దర్యాప్తు సరిగా జరగలేదన్నది ఇక ఆరోపణ కాదు, తీర్పులో రాసి ఉన్న సంగతి. దాని గురించి ఎంత గట్టిగా మాట్లాడినా తక్కువే.

ఏటా నవంబరు 25 నుంచి డిసెంబరు 10 దాకా, పదహారు రోజులు, ఆడవాళ్లపై హింసకు వ్యతిరేకంగా ప్రపంచమంతా ప్రచారం సాగుతుంది. సభలు పెడతారు, ర్యాలీలు తీస్తారు, గోడలకు పోస్టర్లు అంటిస్తారు. అన్నిటా వినిపించే పిలుపు ఒకటే: మౌనం వీడండి, నోరు విప్పండి, ధైర్యంగా ముందుకు రండి. చెప్పేవాళ్ల మనసు మంచిదే, సందేహం లేదు. కానీ వాకపల్లి సంగతి తెలిసిన మనిషి ఆ పిలుపు విన్నప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నోరు విప్పారు సరే, విన్నవాళ్లు ఏం చేశారు?

కొండ మీద, 2007

వాకపల్లి జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని చిన్న ఊరు. అప్పటికి విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లో ఉండేది కొందు ఆదివాసులు. ఆదివాసుల్లోనూ మరీ వెనకబడిన సమూహంగా ప్రభుత్వం విడిగా గుర్తించిన తెగ అది. చోళ్లు, సామలు, పసుపు, అల్లం పండించుకుని వారపు సంతలో అమ్ముకునే బతుకులు. విశాఖ నుంచి పాడేరుకే వంద కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఘాట్ రోడ్డు. అక్కణ్నుంచి ఊరికి మళ్లీ కొండ దారి.

2007 ఆగస్టు 20, సోమవారం. మావోయిస్టుల కోసం కూంబింగ్ చేస్తున్న గ్రేహౌండ్స్ పోలీసు దళం పొద్దున్నే ఊళ్లోకి వచ్చింది. దళంలో 21 మంది. మగవాళ్లు అప్పటికే పొలాలకు పోయారు. తమ మీద పోలీసులు సామూహిక అత్యాచారం చేశారని 11 మంది స్త్రీలు చెప్పారు.

చెప్పింది ఎప్పుడో కాదు, అదే రోజు. కొండ దిగి పాడేరు వచ్చి చెప్పారు. ఆడవాళ్లు ఆలస్యంగా చెబుతారు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని మన సమాజం అడిగే ప్రశ్న ఉందే, దానికి ఇక్కడ చోటే లేదు. ఒక్కరు కాదు, పదకొండు మంది కలిసి చెప్పారు. పేరున్న లాయరు వెంట లేడు, చదువు లేదు. ఇంట్లో మాట్లాడేది కువి, ఫిర్యాదు రాసేది తెలుగులో. తుపాకీ పట్టుకున్న ప్రభుత్వం మీద ఆ ప్రభుత్వానికే ఫిర్యాదు చేయాలి. అయినా చేశారు.

తర్వాత జరిగింది రెండు చోట్ల జరిగింది. ఒకటి ఊళ్లో. పరాయి మగాడు ముట్టుకున్న స్త్రీకి శుద్ధి జరిగేదాకా ఇంట్లో చోటివ్వని కట్టుబాటు వాళ్లది. నేరం ఎవరు చేసినా వెలి మాత్రం ఆడదానికే. మైదానంలో మన కులాల కట్టుబాట్లు వేరేగా ఉన్నాయని అనుకోనక్కర్లేదు. పేరు బయటికొస్తే సంబంధాలు రావన్న భయంతో కేసు పెట్టనివ్వని ఇళ్లు విశాఖ నగరంలో ఏ వీధిలోనైనా ఉంటాయి. ఆ పదకొండు మంది మాట మార్చుకుని ఉంటే ఊళ్లో బతుకు తేలికయ్యేది. మార్చుకోలేదు.

రెండోది సర్కారు దగ్గర. ఇదంతా మావోయిస్టులు చెప్పించిన మాటేనని పోలీసు శాఖ కొట్టిపారేసింది. ఏజెన్సీలో ఏ ఆదివాసీ ఏ ఫిర్యాదు చేసినా వెనక ఎవరో ఉన్నారనడం అక్కడి అధికారులకు కొత్త కాదు. భూమి అడిగినా, బాక్సైట్ తవ్వొద్దన్నా అదే మాట. ఒళ్లు తనది, నొప్పి తనది, మాట మాత్రం మరొకరిదట. ఆడమనిషి మాటను తీసిపారేయడానికి ఇంతకన్నా క్రూరమైన పద్ధతి ఇంకోటి ఉంటుందని నేననుకోను.

దర్యాప్తు అంటే ఏమిటి

లైంగిక దాడి కేసులో మొదటి ఒకటి రెండు రోజుల్లో జరిగే పని మీద ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆధారపడి ఉంటాయి. అందుకే ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

బాధితురాలి మాటను ఆమె చెప్పినట్టే ఎఫ్ఐఆర్‌లో రాయాలి. భాష రాకపోతే ఆ భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టాలి. స్నానం చేయకముందే, బట్టలు ఉతక్కముందే వైద్య పరీక్ష జరగాలి. ఒంటి మీద గీరుడు, కమిలిన చోటు, గోళ్ల కింద మట్టి, ప్రతిదీ డాక్టరు రాయాలి. కట్టుకున్న చీరను కాగితం సంచిలో పెట్టి, సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో ల్యాబుకు పంపాలి. ఒక్క సంతకం తప్పినా కోర్టులో ఎదుటి లాయరు దాన్ని పట్టుకుని లాగుతాడు. ఘటనా స్థలంలో పంచనామా జరగాలి. నిందితులు పోలీసు దళమే అయినప్పుడు పని ఇంకాస్త తేలిక కావాలి నిజానికి. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారు, ఏ దారిన వెళ్లారు, ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది, అంతా రికార్డులో ఉంటుంది.

ఆ తర్వాత గుర్తింపు పరేడ్. మేజిస్ట్రేట్ సమక్షంలో, ఒకే రకంగా కనిపించే మగవాళ్లను వరుసగా నిలబెడతారు. నిందితులు వాళ్ల మధ్య కలిసిపోయి ఉంటారు. సాక్షి ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వెళ్లి, వీడు అని చూపించాలి. యూనిఫారంలో, ఒకే తీరుగా ఉన్న కొత్త మనుషులను ఒక్కసారే చూసిన సాక్షికి ఇదే ఆధారం. రోజులు గడిచేకొద్దీ ముఖాలు కలగాపులగమవుతాయి కాబట్టి దీన్ని ఎంత తొందరగా చేస్తే అంత మంచిదని పోలీసు శిక్షణలో మొదటే నేర్పుతారు.

వాకపల్లి కేసులో గుర్తింపు పరేడ్ జరగలేదు. నిందితుల్లో ఒక్కరినీ అరెస్టు చేయలేదు. కేసు పాడేరు నుంచి హైదరాబాద్‌కు, అక్కణ్నుంచి ఢిల్లీకి తిరిగింది. 2012లో హైకోర్టు 8 మందిని తప్పించి, 13 మందిపై విచారణ జరగాలంది. దాని మీద సుప్రీంకోర్టులో ఐదేళ్లు ఆగింది. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోక, ఆరు నెలల్లో విచారణ ముగించమని ఆదేశించింది. విశాఖలో విచారణ మొదలయ్యేసరికే 2018 వచ్చింది. తీర్పు వచ్చింది 2023లో. మానవ హక్కుల వేదిక వాళ్లు మొదటి నుంచి చివరిదాకా ఆ స్త్రీల వెంట నడిచారు కాబట్టి ఇంతదాకానైనా వచ్చింది. పదకొండు మందిలో ఇద్దరు తీర్పు రాకముందే కన్నుమూశారు.

2007లో చూసిన ముఖాలను పదకొండేళ్ల తర్వాత, నగరంలో, కోర్టు బోనులో, మామూలు బట్టల్లో, జుట్టు నెరిసిన మగవాళ్లలో గుర్తుపట్టమంటే ఎవరి తరమవుతుంది? ఆ స్త్రీల జ్ఞాపకం ఓడిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అడగాల్సిన వేళ వాళ్లను అడగలేదు. కొండ దిగి వచ్చి కోర్టులో నిలబడి మళ్లీ అదే మాట చెప్పారు. పని చేయాల్సింది వాళ్లు కాదు, జీతం తీసుకున్న వాళ్లు.

నల్లకుంట నుంచి

ఇది మొదటిసారి అయితే పొరపాటు అనుకోవచ్చు. 1978 మార్చి ఆఖర్లో హైదరాబాద్‌లో సెకండ్ షో సినిమా చూసి వస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషన్‌కు తీసుకుపోయారు. అక్కడ ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. అడగబోయిన భర్త అహ్మద్ హుసేన్, రిక్షా కార్మికుడు, దెబ్బలకు చనిపోయాడు. శవాన్ని చూసి నగరం అట్టుడికింది. జనం స్టేషన్‌ మీదికి పోయారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల వాదన అంతా ఒకటే: ఆమె నడత మంచిది కాదు. భర్తను పోగొట్టుకుని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ఆమె పెళ్లిళ్ల లెక్క అడిగారు. అయినా కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో అక్కడి కోర్టు అత్యాచారం, హత్య నేరాల నుంచి పోలీసులను విడుదల చేసింది.

ఆ ఆగ్రహంలోంచే హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన లాంటి సంఘాలు బలపడ్డాయి. మహారాష్ట్రలో పోలీసు స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక కేసులో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టినప్పుడు, ఆమె ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఒప్పుకుందనే ధోరణిలో రాసినప్పుడు, 1979లో నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ ఉద్యమాల ఫలితం 1983 సవరణ. పోలీసు నిర్బంధంలో అత్యాచారం జరిగిన కేసుల్లో, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ముందు ఆ మాటనే నమ్మాలని చట్టంలోకి వచ్చింది. రమీజాబీకి శిక్ష రూపంలో న్యాయం దక్కలేదు, ఆమె వల్ల మిగతా దేశానికి చట్టం దక్కింది. అలాంటి చట్టం ఉండగా కూడా వాకపల్లి ఇలా ముగిసింది. కారణం మళ్లీ అదే. చట్టం కోర్టులో పనిచేస్తుంది. కోర్టు దాకా ఏం వస్తుందన్నది స్టేషన్‌లో తేలిపోతుంది.

పక్క రాష్ట్రంలో, అదే ఏడాది

ఇలాంటి కేసులు నిలవవు, ఏం చేస్తాం అని నిట్టూర్చేవాళ్లకు చెప్పాల్సిన ఊరు ఒకటుంది. తమిళనాడు ధర్మపురి జిల్లాలో, సిత్తేరి కొండల కింద, వాచాత్తి. మలయాళి అనే ఆదివాసీ తెగ ఊరు.

1992 జూన్ 20న గంధపు చెక్క దాచారన్న నెపంతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది మూకుమ్మడిగా ఆ ఊరి మీద పడ్డారు. జనాన్ని మర్రిచెట్టు కిందికి ఈడ్చి కొట్టారు. ఇళ్లు ధ్వంసం చేశారు. 18 మంది స్త్రీలను చెరువు వైపు తీసుకుపోయి అత్యాచారం చేశారు. అక్కడా ప్రభుత్వం మొదట అన్న మాట ఇక్కడ అన్నదే: అంతా కట్టుకథ, ఊరంతా స్మగ్లర్లు. తమిళనాడు గిరిజనుల సంఘం, సీపీఎం నాయకులు కోర్టులకెక్కారు. హైకోర్టు దర్యాప్తును రాష్ట్ర పోలీసుల చేతిలోంచి తీసి సీబీఐకి అప్పగించింది. నిందితులు 269 మంది. కేసు నడుస్తుండగానే 54 మంది చనిపోయారు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి సెషన్స్ కోర్టు మిగిలిన 215 మందినీ, ఒక్కరిని వదలకుండా, దోషులని తేల్చింది. అందులో 17 మందికి అత్యాచారం కింద శిక్ష పడింది.

వాళ్లు అప్పీలుకు వెళ్లారు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వేల్మురుగన్ తీర్పు రాయకముందు 2023 మార్చిలో స్వయంగా వాచాత్తి వెళ్లారు. ఆ చెట్టు, ఆ చెరువు, ఆ ఇళ్లు తిరిగి చూశారు. ఫైల్లో ఉన్న ఊరికీ నేల మీద ఉన్న ఊరికీ తేడా ఉంటుందని ఆయనకు తోచడమే గొప్ప సంగతి. 2023 సెప్టెంబరు 29న అప్పీళ్లన్నీ కొట్టేసి, అత్యాచారానికి గురైన ప్రతి స్త్రీకి 10 లక్షల రూపాయలు ఇవ్వమన్నారు. అప్పటి కలెక్టరు, జిల్లా ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద కూడా చర్యలు తీసుకోమన్నారు.

విశాఖ తీర్పు ఏప్రిల్‌లో, చెన్నై తీర్పు సెప్టెంబరులో. రెండు ఊళ్లూ కొండ ఊళ్లే, ఫిర్యాదు చేసింది ఆదివాసులే, నిందితులు రెండుచోట్లా యూనిఫారం వేసుకున్నవాళ్లే. అక్కడి స్త్రీలు ఇక్కడివాళ్లకన్నా ధైర్యంగా మాట్లాడలేదు. తేడా అంతా నేరారోపణ ఎదుర్కొంటున్న శాఖ చేతుల్లోనే దర్యాప్తు ఉండనివ్వడం, ఉండనివ్వకపోవడం దగ్గరే ఉంది.

దూరంగా, గ్వాటెమాలా దేశంలో కూడా ఇలాగే తేలింది. సెపూర్ సర్కో అనే చోట సైనిక శిబిరం ఉండేది. 1980ల మొదట్లో భూమి పట్టాల కోసం అడిగిన కెక్చీ ఆదివాసీ రైతులను సైన్యం మాయం చేసింది. వాళ్ల భార్యలను శిబిరంలో వంతులవారీగా వండిపెట్టడానికి, బట్టలుతకడానికి రప్పించుకుని నెలల తరబడి చెరబట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత 15 మంది స్త్రీలు కేసు నడిపారు. అప్పటికి వాళ్లు ముసలమ్మలు. ముఖాల మీదికి రంగు రంగుల శాలువాలు లాక్కుని, దుబాసీ సాయంతో తమ భాషలోనే సాక్ష్యం చెప్పారు. మట్టిలోంచి ఎముకలు తవ్వించి పరీక్షలు చేయించారు, ఆ కాలపు సైనిక వ్యవహారాలు తెలిసిన నిపుణులను పిలిపించారు. 2016 ఫిబ్రవరిలో ఇద్దరు మాజీ సైనిక సిబ్బందికి 120 ఏళ్లు, 240 ఏళ్లు చొప్పున శిక్ష పడింది. ముప్పై ఏళ్ల కిందటి నేరం, ఛిన్నాభిన్నమైన దేశం, అయినా వాళ్లు పట్టుబట్టి ఆధారం పోగుచేశారు. మనకు అదే రోజు ఫిర్యాదు వచ్చింది.

నవంబరు 25 అన్న తేదీ కూడా అలాంటి చోటినుంచే వచ్చింది. డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుజిల్లోను ఎదిరించిన పాట్రియా, మినర్వా, మరియా తెరెసా మిరాబల్ అనే అక్కచెల్లెళ్లను 1960లో ఆ రోజునే అతని మనుషులు చంపి, కారు ప్రమాదంగా చూపించబోయారు. ఐక్యరాజ్యసమితి 1999లో ఆ తేదీని ప్రపంచ దినంగా ప్రకటించింది. ఇంట్లో మొగుడి దెబ్బల గురించే కాదు, రాజ్యం చేసే హింస గురించి కూడా ఆ రోజు మాట్లాడాలని చరిత్రే చెబుతోంది. మన సభల్లో మాత్రం రెండోది వినపడదు. వేదిక మీద పోలీసు అధికారులు ముఖ్య అతిథులుగా కూర్చుంటారు కదా, బహుశా అందుకే.

నగరం సంగతి

విశాఖ స్పందించని నగరమని అనను. 2012లో ఢిల్లీ, 2019లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం, 2024లో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రి. ప్రతిసారీ ఇక్కడి విద్యార్థులు, వైద్యులు, ఉద్యోగులు రోడ్డెక్కారు, కొవ్వొత్తులు పట్టుకున్నారు. వాకపల్లి కోసం మహిళా సంఘాలు, హక్కుల సంఘాలు, ఆదివాసీ సంఘాలు ధర్నాలు చేశాయి. కానీ బీచ్ రోడ్డు నిండా జనం రాలేదు. ఢిల్లీ మనకు దగ్గర, పాడేరు దూరం. అరకు రైలెక్కి, కొండల్లో ఫోటోలు దిగి, కాఫీ తాగి వచ్చే మనకు ఆ కొండల్లో ఉండే స్త్రీ ముఖం పరిచయం లేదు. సంతలో ఆమె పసుపు కొంటాం, ఆమె మాట వినం.

2017 అక్టోబరు 22, ఆదివారం. ఈసారి కొండల్లో కాదు, ఇక్కడే, రైల్వే న్యూ కాలనీ దగ్గర ఫుట్‌పాత్ మీద, పట్టపగలు, ఓపిక లేక చెట్టు కింద పడుకున్న ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది. జనం పక్కనుంచి నడిచి వెళ్లారు. ఒక ఆటో డ్రైవర్ తీసిన వీడియో వల్ల నిందితుడు దొరికాడు. ఆమె గొంతెత్తి అరవగల స్థితిలో లేదు. నోరు విప్పండి అని ఆమెకు ఎవరు చెబుతారు? అక్కడ నోరు విప్పాల్సింది నడిచిపోయినవాళ్లు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం అడిగినవాళ్లు 14 శాతమే. ఈ అంకె చూపించి ఆడవాళ్లకు అవగాహన లేదంటారు. నాకు అలా అనిపించదు. వాళ్లకు చాలా బాగా తెలుసు. పక్కింటావిడ చెప్పినప్పుడు ఏమైందో చూశారు, చెల్లెలు స్టేషన్‌కు వెళ్తే ఎంతసేపు కూర్చోబెట్టారో చూశారు, వాకపల్లికి ఏమైందో విన్నారు. లెక్క వేసుకునే ఊరుకున్నారు.

ఫ్రాన్స్‌లో జిసెల్ పెలికో తన పేరు దాచనక్కర్లేదని, కేసు తలుపులు మూసి నడపొద్దని కోరి, 2024లో మొగుడితో సహా 51 మందికి శిక్ష పడేదాకా కోర్టులో కూర్చున్నప్పుడు ప్రపంచమంతా ఆమెకు దండం పెట్టింది. పెట్టాల్సిందే. కానీ ఆ కేసులో ఒక సంగతి గమనించాలి. మొగుడు దాచుకున్న వీడియోలను పోలీసులు వెతికి తీశారు, ఒక్కొక్క మనిషిని పట్టుకున్నారు, ఆ తర్వాతే ఆమెకు తనకేం జరిగిందో తెలిసింది. ఆమె ధైర్యానికి కింద నేలలా దర్యాప్తు ఉంది.

ఆధారం పోగుచేయడానికి విశాఖ జిల్లాకే చెందిన పాత ఉదాహరణ ఒకటి చెప్పాలి. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కన్యాశుల్కం పెళ్లిళ్ల మీద చట్టం తేవాలనుకున్న మహారాజా ఆనంద గజపతి, జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన అలాంటి పెళ్లిళ్లను జాబితా వేయించారు. 1,034 పెళ్లిళ్లు తేలాయి. గురజాడ అప్పారావు తన నాటకం మొదటి ముద్రణ ముందుమాటలో ఆ అంకెలన్నీ పెట్టారు. పెళ్లినాటికి ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఏడాది పిల్ల నోరు విప్పి ఫిర్యాదు చేయలేదు. ఎవరో ఊరూరా తిరిగి రాశారు. ఎవరింట్లో, ఎంత వయసు, ఎంత డబ్బు అని అడిగి రాశారు. ఆ జాబితా లేకపోతే గురజాడ కోపానికి ఆధారం ఉండేది కాదు. సంస్కరణ గురించి గొప్పగా చెప్పుకునే మనం ఆ రాతగాళ్ల ఓపికను మరిచిపోయాం. వాకపల్లిలో లోపించింది సరిగ్గా అదే పని.

ఇప్పుడు చట్టం ఏమంటోంది

2013 తర్వాత చట్టం విన్నవాళ్ల మీద కూడా బాధ్యత పెట్టింది. లైంగిక దాడి ఫిర్యాదును రాసుకోని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 199వ సెక్షను. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటు ఆస్పత్రయినా వెంటనే, ఉచితంగా చికిత్స చేయాల్సిందే. రెండు వేళ్ల పరీక్ష అనే అవమానాన్ని సుప్రీంకోర్టు 2013లో తప్పుబట్టింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది, ఇంకా చేసేవాళ్లది దుష్ప్రవర్తన అంది. సాయుధ దళాల వాళ్లు చేసే అత్యాచారాలను మామూలు క్రిమినల్ చట్టం కిందికే తేవాలని జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలోనే సూచించింది.

కాగితం మీద ఇంత ఉంది. ఫిర్యాదు తీసుకోలేదని ఎంతమంది అధికారులకు శిక్ష పడిందో మన పరిసరాల్లో ఎవరినైనా అడిగి చూడండి, ఒక్క పేరు చెప్పలేరు. వాకపల్లి తీర్పు దర్యాప్తును తప్పుబట్టిందంటే, ఆ తప్పు చేసినవాళ్ల మీద ఏం చర్య తీసుకున్నారో జనానికి చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. విశాఖ న్యాయవాదులు, లా కాలేజీ విద్యార్థులు, మహిళా సంఘాలు ఏటా పదహారు రోజుల్లో కనీసం ఒక రోజు ఈ ప్రశ్నకు కేటాయించాలి. వేదిక మీద ఉన్న అధికారిని మైకులోనే అడగాలి. పోయిన ఏడాది మీ స్టేషన్లకు వచ్చిన ఫిర్యాదులెన్ని, ఎన్నిట్లో ఇరవై నాలుగు గంటల్లోపు వైద్య పరీక్ష జరిగింది, ఎన్నిట్లో బాధితురాలి భాష తెలిసిన మనిషి పక్కన ఉన్నారు?

పోలీసుల మీద ఫిర్యాదు వస్తే దర్యాప్తు ఆ శాఖతో సంబంధం లేని సంస్థకు మొదటి రోజే వెళ్లాలి. వాచాత్తిలో అది కోర్టుకెక్కి సాధించుకోవాల్సి వచ్చింది. కొండ మీద స్త్రీ ప్రతిసారీ హైకోర్టు దాకా వెళ్లి సాధించుకోవాలనడం అన్యాయం.

2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, తొలి బ్యాచ్‌కు 50 సీట్లు. అంటే ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం ఘాట్ రోడ్డు పైకి వచ్చింది. ఆ విభాగంలో అర్ధరాత్రి అయినా అందుబాటులో ఉండే మహిళా డాక్టరు, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇద్దరు నర్సులు, సాక్ష్యం సేకరించే కిట్లు, వాటిని విశాఖ ల్యాబుకు సీలు చెడకుండా పంపే వాహనం కావాలి. వీటికయ్యే ఖర్చు పదహారు రోజుల ఫ్లెక్సీలకు పెట్టేదానికన్నా పెద్దదేం కాదు. జిల్లా కలెక్టరు, కళాశాల ప్రిన్సిపాల్ కూర్చుని ఒక పూటలో తేల్చగలిగే సంగతి ఇది. ఈ నవంబరు 25 లోపు తేల్చమని అడుగుతున్నాం.